'పిండి పొంగింది' ప్రాజెక్టు డైరీ: వీడియో టేపు మీద సైన్స్ ఫిక్షన్ హారర్ కామెడీ

కథ క్లుప్తంగా: బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీ. రాత్రిపూట వంటింటి కిటికీలోంచి చిన్న ఉల్క ముక్క వచ్చి దోసెల పిండి తపేలాలో పడుతుంది. తెల్లారేసరికి పిండి పొంగుతుంది. పొంగుతూనే ఉంటుంది. ఆకలేస్తే మనుషుల వైపు పాకుతుంది. నిడివి 22 నిమిషాలు. చిత్రీకరణ అంతా వీహెచ్‌ఎస్-సి (చిన్న సైజు వీహెచ్‌ఎస్ క్యాసెట్టు వాడే) క్యామ్‌కార్డరు మీదే. ఖర్చు 25,000 రూపాయలు దాటకూడదని పెట్టుకున్నాం.

ఈ తరహా సినిమా తీయాలనుకునేవాళ్లు మా కొలతలు నేరుగా వాడుకోవచ్చు. మేం పాటించిన నియమం ఒకటే. దేన్నీ కంటితో చూసి ఓకే చెయ్యకూడదు. టేపు మీదికి ఎక్కించి, టీవీలో వేసి, రెండు మీటర్ల దూరం నుంచి చూశాకే ఓకే. కింద రాసిన మార్పులన్నీ దాదాపు ఆ టీవీ ముందు తేలినవే.

దశ 1: కెమెరా, టేపు

క్యామ్‌కార్డరు బీవీకే అయ్యంగార్ రోడ్డు పక్కన ఆదివారం సంతలో దొరికింది. పవర్ ఇస్తే ఆన్ అయింది, వ్యూఫైండరులో బొమ్మ కూడా వచ్చింది. రికార్డు చేసి చూస్తే రంగులు వెలిసిపోయి, బొమ్మ మీద అలలు. 1990లలో వచ్చిన చాలా క్యామ్‌కార్డర్లలో చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల నుంచి ద్రవం కారి బోర్డును తినేస్తుంది. మా దాంట్లోనూ అదే. ఎస్పీ రోడ్డు దగ్గర ఒక మెకానిక్ అన్న బోర్డు విప్పి, కారిన చోట శుభ్రం చేసి, కెపాసిటర్లు మార్చాడు. అలలు పోయాయి. రంగు పూర్తిగా రాలేదు కానీ ఈ కథకు ఆ మేరకు చాలు.

కొనే ముందు చూసుకోవలసినవి:

1. బ్యాటరీ పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కెమెరా మీద రాసిన వోల్టేజీ చూసి అడాప్టరు వెతుక్కోండి.
2. మీ టేపు ఒకటి తీసుకెళ్లి అక్కడే రికార్డు చేసి, అక్కడే వెనక్కి తిప్పి చూడండి. వ్యూఫైండరులో కనిపించేది టేపు మీదికి వచ్చినట్టు కాదు.
3. టేపును లాగే పించ్ రోలరు రబ్బరు గట్టిపడి మెరుస్తుంటే టేపును నమిలేస్తుంది.
4. హెడ్డును (టేపు మీద బొమ్మను రాసే, చదివే భాగం) దూదిపుల్లతో తుడవద్దు. దూది పోగులు హెడ్డు అంచుకు చిక్కుకుంటాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన షామీ తోలు ముక్కను కదలకుండా పట్టుకుని, హెడ్డు బిగించిన డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దకూడదు.

తర్వాత కొలతలు. వీహెచ్‌ఎస్ టేపు అడ్డంగా చూపగలిగే వివరం సుమారు 240 గీతలు, అదీ బొమ్మ ఎత్తంత వెడల్పులో. 4:3 బొమ్మ మొత్తం వెడల్పుకు లెక్క వేస్తే 320. అంటే ఒక మీటరు వెడల్పు ఫ్రేములో సుమారు 3 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉన్నదేదీ నిలవదు. రంగు సంగతి ఇంకా తక్కువ, బొమ్మ ఎత్తంత వెడల్పుకు 40 గీతలే. అదే మీటరు ఫ్రేములో దాదాపు 2 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్న రంగు మచ్చ పక్కదాంట్లో కలిసిపోతుంది.

ఒక చార్టు మీద 1 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా గీతలు గీసి తీసి చూశాం. మా కెమెరాలో 4 మిల్లీమీటర్ల దగ్గరే గీతలు కలిసిపోయాయి. అప్పటి నుంచి వంటగది షాటుకు సంబంధించిన ప్రతి వస్తువుకూ 4 మిల్లీమీటర్లే మా హద్దు. పిండి జీవి ఒంటి మీద అంతకన్నా సన్నని గీతలు చెక్కడం మానేశాం. బోలెడు శ్రమ తప్పింది.

మన దేశంలో ఒక సౌకర్యం ఉంది. పాల్ పద్ధతిలో (మన పాత టీవీ ప్రమాణం) సెకనుకు 50 ఫీల్డులు (సగం ఫ్రేములు), మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు ట్యూబ్‌లైటు కింద తీసినా మినుకుమినుకు రాలేదు. డిమ్మరు పెట్టిన చవక ఎల్ఈడీ పట్టీ కింద మాత్రం బొమ్మ మొత్తం మినుకుమినుకుమంది. డిమ్మరు తీసేసి, వెలుతురు తగ్గించడానికి లైటు ముందు ట్రేసింగ్ పేపరు కట్టాం.

ఖర్చు: కెమెరా 3,500, రిపేరు 1,800, టేపులు 1,600, వీసీఆర్‌లో పెట్టే అడాప్టరు క్యాసెట్టు 600.
ఇప్పటిదాకా: 7,500

దశ 2: పిండి

నిజం దోసెల పిండితోనే తీద్దామన్నది మొదటి ఆలోచన. బాగా పొంగిన పిండి పైన ఎంత బొద్దుగా ఉన్నా, గరిటె తగిలితే లోపలి గాలి పోయి కూర్చుంటుంది. రెండో టేకుకు పనికిరాదు. బెంగళూరు చలికి పొంగడమూ ఆలస్యమే. ఇంకా పెద్ద చిక్కు తెలుపు. లైటు కింద పిండి మొత్తం ఒకే తెల్లటి అట్టముక్కగా వచ్చింది. బుడగలు లేవు, మడతలు లేవు, తపేలా అంచు కూడా అందులో కరిగిపోయింది.

దాంతో కృత్రిమ పిండి. అసలు సరుకు గ్వార్ గమ్, అంటే గోరుచిక్కుడు గింజల పొడి. లీటరు నీటికి 10 గ్రాములు వేస్తే చిక్కటి జారు, 15 గ్రాములైతే గరిటె నుంచి తెగకుండా సాగుతుంది.

పొడిని నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు నూనెలో కలిపి నీళ్లలో పోశాం, ఉండలు రాలేదు. కానీ ఆ పిండి తగిలిన, జీవికి చేసిన లేటెక్స్ (రబ్బరు పాలు) తొడుగు మర్నాటికి ఉబ్బి మెత్తబడి చిరిగింది. సహజ రబ్బరుకు నూనె పడదు. నూనె బదులు గ్లిజరిన్‌కు మారాం, ఆ బాధ పోయింది.

తెలుపు తగ్గించడానికి పసుపు వేశాం. కాసేపు చక్కటి మీగడ రంగు. తర్వాత పిండి సాగాలని వెలిగారం (బోరాక్స్) నీళ్లు కలిపాం, అంతే, బకెట్టు మొత్తం ఇటుక ఎరుపుకు తిరిగింది. వెలిగారానికి క్షారగుణం ఉంది, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లే. రంగు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, భయంగానూ ఉంది. అలాగే ఉంచేద్దామని కొందరం అన్నాం. టేపు మీద చూస్తే ఎరుపు అంచు దాటి పక్కకు కారుతోంది, తపేలా సగం ఎర్రగా కనిపిస్తోంది. వీహెచ్‌ఎస్‌లో అన్నిటికన్నా ఎక్కువ కారే రంగు ఎరుపే. రక్తం చూపించే హారర్ తీసేవాళ్లు ఈ ఒక్క పరీక్ష ముందే చేసుకోండి.

చివరికి నిలబడిన కొలత, 5 లీటర్లకు:

1. గ్వార్ గమ్ 60 గ్రాములు, గ్లిజరిన్ 150 మిల్లీలీటర్లు. ఉండలు లేకుండా కలపాలి.
2. గోరువెచ్చని నీళ్లు 5 లీటర్లు తిప్పుతూ, ఆ ముద్దను అందులో పోయాలి. అరగంట వదిలేయాలి.
3. తెలుపుకు మైదా 200 గ్రాములు విడిగా నీళ్లలో కలిపి వడకట్టి పోయాలి.
4. తెలుపు తగ్గించడానికి చిక్కటి టీ డికాక్షన్ 100 మిల్లీలీటర్లు. కంటికి మురికిగా కనిపిస్తుంది, టేపు మీద అది దోసెల పిండే.
5. సాగాలంటే ఆఖర్న వెలిగారం నీళ్లు చెంచా చెంచాగా. ఎక్కువైతే జెల్లీ ముక్కలవుతుంది, మళ్లీ జారుకు రాదు.

వెలిగారం కలిపిన పిండి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. మొహం మీద పడే షాట్లకు 5వ మెట్టు వదిలేసి వేరే బకెట్టు చేశాం, రెండు బకెట్లకూ వేర్వేరు రంగు మూతలు పెట్టాం. పిండి ఏ రోజుది ఆ రోజే కలపాలి. నిల్వ ఉంటే కుళ్లి నీరవుతుంది.

ఖర్చు: 1,400.
ఇప్పటిదాకా: 8,900

దశ 3: తొడుగు, గాలి సంచులు

జారిపోయే పిండి ఒక్కటే సరిపోదు. పిండి లేచి నిలబడాలి, ఊపిరి తీసుకోవాలి. దానికి లేటెక్స్ తొడుగు, లోపల గాలి సంచి.

అచ్చు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోశాం. వానాకాలం కావడంతో అచ్చు లోపలి తడి ఆరలేదు. పైన పూసిన లేటెక్స్ అంచుల్లో ఆరి, మధ్యలో పాలలాగే ఉండిపోయింది. అచ్చును గదిలో ఫ్యాను కింద పెట్టి, రోజూ తూకం వేశాం. తూకం తగ్గడం ఆగితేనే ఆరినట్టు. మా అచ్చు 6.4 కిలోల నుంచి 4.9 కిలోల దగ్గర ఆగింది. ఆ తర్వాతే లేటెక్స్ పట్టింది.

లేటెక్స్ తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది, ఆరితే పసుపు గోధుమ రంగుకు దిగుతుంది. కలిపిన రంగు ఎప్పుడూ అనుకున్నదాని కన్నా ముదురుగానే వస్తుంది, అందుకే రెండు మెట్లు లేత రంగు కలపాలి. పలచటి పూతలు ఆరు వేశాం, ఒక్కో పూత పూర్తిగా ఆరాకే తర్వాతది. తీసేటప్పుడు టాల్కం పౌడరు చల్లకపోతే తొడుగు తనకు తానే అతుక్కుపోతుంది, మళ్లీ విడదు. అమ్మోనియా వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తెరిచే చెయ్యాలి. నటించేవాళ్లకు రబ్బరు పడుతుందో లేదో ముంజేతి మీద ముందు చూసుకోవాలి.

గాలి సంచికి మొదట పెద్ద బెలూన్లు వాడాం. బెలూన్ ముందు బిగిసి ఒక్కసారిగా ఉబ్బుతుంది. తెర మీద అది బెలూన్ అని వెంటనే తెలిసిపోయింది. పాత సైకిలు ట్యూబు కోసి, రెండు చివర్లూ ప్యాచ్ వేసి, బీపీ మిషన్ రబ్బరు బల్బుతో గాలి కొట్టాం. ఒక్క నొక్కుకు కొంచెమే లేస్తుంది, వాల్వు వదిలితే మెల్లగా దిగుతుంది. నాలుగు నొక్కులు, రెండు సెకన్లు ఆగి, వదలడం. ఈ లయ కుదిరాక తపేలా మూత లేచి పడే షాటు మాకే భయం వేసింది.

ఖర్చు: లేటెక్స్ 1,900, ప్లాస్టరు, ట్యూబులు, బల్బు 900.
ఇప్పటిదాకా: 11,700

దశ 4: వాలు బల్ల

పిండి ఎదురు పాకాలి. గట్టు మీద ఏటవాలుగా కాదు, చదునుగా, మనిషి వైపు. సెట్టునే వాల్చి, కెమెరానూ అదే బల్లకు బిగిస్తే చాలు. కెమెరాకు బల్ల చదునుగానే కనిపిస్తుంది, పిండి మాత్రం దానంతట అదే కదులుతుంది. పాత చిట్కా, కంప్యూటరు అక్కర్లేదు.

నాలుగడుగుల ప్లైవుడ్ మీద వంటగట్టు, వెనక రెండడుగుల టైల్స్ గోడ కట్టాం. ముందు వైపు కెమెరాకు బోల్టు. కోణం ఫోన్లో కొలిచాం.

- 8 డిగ్రీలు: పిండి కదలదు.
- 12 డిగ్రీలు: కదులుతుంది, కానీ నిమిషానికి ఒక జానెడు.
- 18 డిగ్రీలు: సరిగ్గా మాకు కావలసిన నడక.
- 22 డిగ్రీలు: గట్టు మీది డబ్బాలు కూడా బయల్దేరాయి.

18 దగ్గర బిగించాక టీవీలో చూస్తే ఏదో తేడా. పిండి బాగానే పాకుతోంది, అయినా బల్ల వాలినట్టు తెలిసిపోతోంది. ఒక్కొక్క వస్తువే తీసేస్తూ చూశాం. గోడకు వేలాడే గరిటె పక్కకు వంగి ఉంది, దాన్ని డబుల్ టేపుతో గోడకు అంటించాం. గ్లాసులో నీళ్లు ఒక పక్కకు నిలిచాయి, ఖాళీ గ్లాసు పెట్టాం. అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడింది స్టవ్వు మంట. సెట్టు ఎటు వాలినా మంట నిట్టనిలువుగానే లేస్తుంది, కెమెరా కంటికి మంట పక్కకు ఒరిగినట్టుంటుంది. స్టవ్వు ఆపేశాం. మీరు వాలు సెట్టు కట్టేట్టయితే నీళ్లు, మంట, పొగ, వేలాడేవి నాలుగూ ముందే తీసేయండి.

ఉల్క ముక్కకు ఎర్ర ఎల్ఈడీ పెట్టి ఉంచాం. దశ 2 అనుభవం తర్వాత దాన్నీ మార్చాం. తెల్ల ఎల్ఈడీ, దాని ముందు లేత ఆకుపచ్చ జిలెటిన్ కాగితం. ఇప్పుడు అంచు తెలుస్తోంది.

ఖర్చు: 2,300.
ఇప్పటిదాకా: 14,000

దశ 5: చిత్రీకరణ

శబ్దం గురించి ముందు. కెమెరా సొంత మైకులో టేపు తిరిగే మోటారు రొద వినిపిస్తోంది. పైగా మారతహళ్లి పక్కనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం. విమానం లేచిన ప్రతిసారీ టేకు పోతోంది. మాటలు ఫోన్లో విడిగా రికార్డు చేసి, ప్రతి షాటుకూ చప్పట్లు కొట్టి గుర్తు పెట్టాం. షాట్లు చిన్నవి కావడంతో టేపు వేగంలో ఉండే చిన్న తేడా ఇబ్బంది పెట్టలేదు. పిండి శబ్దాలన్నీ తర్వాత తీసినవే. నానబెట్టిన సగ్గుబియ్యంలో చెయ్యి పెట్టి పిసికితే, మైకు నాలుగంగుళాల దూరంలో ఉంటే, ఆ శబ్దానికి ఇంకేమీ చేర్చక్కర్లేదు.

ఎక్కువ సమయం పట్టింది ఒకే సన్నివేశానికి. పిండి తపేలా దాటి, గట్టు దాటి, ఒక కుర్రాడి కాలు పట్టుకుంటుంది. వాడు అరుస్తాడు. వంట చేసే ఆంటీ లోపలికి వస్తుంది.

"ఆంటీ, రాకండి! అది మనిషిని తింటోంది!"

"ఎవర్రా రాత్రి మూత పెట్టకుండా వదిలేసింది?"

రాసినప్పుడు అందరం నవ్వాం. తీసి చూస్తే నవ్వు రాలేదు. మేం కుర్రాడి మొహం, ఆంటీ మొహం, పిండి, ఇలా ముక్కలుగా తీశాం. దాంతో ఆంటీ ప్రమాదం పక్కనే నిలబడి తిడుతున్నట్టు అనిపించలేదు. ఎక్కడో ఇంకో గదిలో ఉండి తిడుతున్నట్టుంది. తిరిగి తీసినప్పుడు మార్చినవి:

1. ముగ్గురూ ఒకే ఫ్రేములో. ఆంటీ వెనక పిండి కనిపిస్తూనే ఉండాలి.
2. ఆమె మాట్లాడేటప్పుడు పిండి ఆగకూడదు. గాలి బల్బు లయ మారకూడదు.
3. కుర్రాడు కామెడీ చెయ్యకూడదు. వాడి భయం పూర్తిగా నిజంగా ఉండాలి.
4. ఆమె మాట తర్వాత మూడు సెకన్లు కట్ చెయ్యకూడదు.

3వది అన్నిటికన్నా ముఖ్యం. ఆ పాత్ర చేసిన తమ్ముడు మొదట నవ్వించడానికే అరిచాడు. అలా అరిచినంతసేపూ పిండి రబ్బరు తొడుగులాగే కనిపించింది. కాలు వెనక్కి లాక్కోవడానికి నిజంగా కష్టపడమన్నాం, గిలకకు తాడు కట్టి కాలు మేమూ లాగాం. వాడి గొంతు మారింది. అప్పుడు ఆంటీ మాటకు గదిలో కెమెరా పట్టుకున్నవాళ్లే ఆపుకోలేకపోయారు. పిండి నిజమని వాడు నమ్మితేనే ఆమె తిట్టు పేలింది.

ఖర్చు: భోజనాలు, ఆటోలు, కడగడానికి వచ్చిన అక్కకు డబ్బులు 4,600.
ఇప్పటిదాకా: 18,600

దశ 6: టేపు నుంచి కంప్యూటరుకు

చవక యూఎస్‌బీ క్యాప్చరు ముక్కతో మొదలుపెట్టాం. ఐదు నిమిషాలు దాటేసరికి పెదవి ముందు, మాట వెనక. టేపు నుంచి వచ్చే సింక్ (ఫ్రేముల వేళ చెప్పే సంకేతం) అదురుతుంటే ఆ పరికరం కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది, శబ్దం మాత్రం ఆగదు. వీసీఆర్‌కూ క్యాప్చరుకూ మధ్య పాత డీవీడీ రికార్డరు ఒకటి పెట్టి, దాని గుండా సిగ్నల్ పంపాం. డిస్కు మీద రికార్డు చెయ్యక్కర్లేదు, ఊరికే దాటిస్తే చాలు. కొన్ని మోడళ్లు సింకును సరిచేసి పంపుతాయి, అరువు తెచ్చినది అదృష్టవశాత్తూ అలాంటిదే. బొమ్మ పైభాగం వంకర పోవడం కూడా దాంతోనే తగ్గింది.

వాడిన సెట్టింగులు: 720×576, సెకనుకు 25 ఫ్రేములు, 4:2:2 (రంగుకు వెలుతురులో సగం వివరం). ఏ కుదింపూ లేకపోతే గంటకు దాదాపు 75 జీబీ. హఫ్‌వైయూవీ అనే కోడెక్‌తో (వీడియోను కుదించే ప్రోగ్రాము) అందులో సగానికి దిగింది, బొమ్మలో ఏమీ పోదు. ఫీల్డుల క్రమం తప్పైతే కదలిక ముందుకూ వెనక్కీ కొట్టుకుంటుంది. చెయ్యి ఊపే షాటు ఒకటి వేసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఆన్‌లైన్ కాపీకి సెకనుకు 50 ఫ్రేములుగా డీఇంటర్లేస్ చేశాం (ఒక్కో ఫీల్డునూ పూర్తి ఫ్రేముగా మార్చడం). 25కు తగ్గిస్తే పిండి నడకలో ఆ జారుడు పోతోంది.

బొమ్మ అడుగున కొన్ని గీతల మేర చెదురు ఉంటుంది, హెడ్డు మారే చోటు అది. పాత టీవీల్లో అంచు కింద దాగేది. కంప్యూటరు తెర మీద కనిపిస్తుంది కనుక అడుగున 10 గీతలు నల్లగా కప్పాం.

ఖర్చు: వీసీఆర్ 2,500, క్యాప్చరు 900.
ఇప్పటిదాకా: 22,000

దశ 7: టైటిళ్లు, కాపీలు

తెలుగు అక్షరాలకు టేపు కష్టకాలం. కంప్యూటరులో అందంగా కనిపించిన ఫాంటు టేపు మీద ఒత్తులన్నీ కలిసి మరకలయ్యాయి. మా టైటిల్లోనే డ, ద రెండూ ఉన్నాయి. ఆ రెంటికీ ఉన్న చిన్న తేడా పోయి 'పింది పొంగింది' అని చదివారు. చేత్తో రాసి తీశాం. అక్షరం ఎత్తు ఫ్రేము ఎత్తులో పదో వంతు, గీత మందం కనీసం 6 మిల్లీమీటర్లు (మీటరు ఫ్రేముకు), తెల్ల అక్షరానికి నల్ల అంచు. ఒత్తులు మామూలుగా రాసేదానికన్నా పెద్దవి, అక్షరం నుంచి కాస్త దూరంగా. పాత టీవీ అంచులు కోసేస్తుంది కాబట్టి టైటిలు మధ్య 80 శాతంలోనే ఉండాలి.

టేపు కాపీలకు కంప్యూటరు నుంచి డీవీడీ రాసి, మామూలు డీవీడీ ప్లేయరు నుంచి వీసీఆర్‌కు ఎక్కించాం. టేపు నుంచి టేపుకు కొడితే ప్రతి తరంలోనూ (కాపీకి కాపీ తీసిన ప్రతిసారీ) రంగు ఇంకా కారుతుంది. ఈ దారిలో ప్రతి కాపీ రెండో తరమే.

ఖర్చు: ఖాళీ డిస్కులు, అట్టలు, వాడిన క్యాసెట్లు 1,700.
మొత్తం: 23,700

మిగిలిన 1,300తో ఇంకో రెండు లీటర్ల లేటెక్స్ ఆర్డరు పెట్టాం. 14వ నిమిషంలో బకెట్టులోంచి లేచే షాటులో తొడుగు కుట్టు 5 మిల్లీమీటర్లు ఉంది, మా హద్దు 4. టీవీలో స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఒక్క షాటు మళ్లీ తీయాలి, అచ్చు ఇప్పటికే ఫ్యాను కింద ఉంది, నిన్నటి తూకం 5.3 కిలోలు.